అరవై నాలుగో ఏట ఓనమాలు

పిల్లలూ! ఇంటి దగ్గర చేసుకు రమ్మన్న అభ్యాసం చెయ్యకుండా వెళ్లి, గురువుగారు అడిగేసరికి నేల చూపులు చూస్తూ నిలబడ్డ విద్యార్థిని మీరు చూసే ఉంటారు. అలా నిలబడ్డవాడు ఒక హెడ్మాస్టరైతే ఎలా ఉంటుంది? ఆయన వయసు 64 ఏళ్లూ, గురువుగారి వయసు 24 ఏళ్లూ అయితే?

ఆ హెడ్మాస్టరును నేనే. ముప్ఫై ఆరేళ్లు బడిలో లెక్కలు చెప్పాను. చివరి తొమ్మిదేళ్లు హెడ్మాస్టరుగా ఉండి పదవీ విరమణ చేశాను. ఇప్పుడు మళ్లీ ఓనమాల దగ్గర మొదలుపెట్టి గిటారు నేర్చుకుంటున్నాను. ఆ చదువులో నాకు తెలిసివచ్చిన సంగతులేమిటో, అది ఎప్పుడో చెయ్యవలసిన ఒక పనిని నా చేత ఎలా చేయించిందో మీకు చెబుతాను.

మాది విజయనగరం జిల్లాలో ఒక చిన్న పట్టణం. మా మనవరాలు ఇంటర్మీడియట్ చదవటానికి హాస్టలుకు వెళ్లిపోతూ తన గిటారును బీరువా మీద పెట్టిపోయింది. ఒకనాడు నేను దుమ్ము దులుపుతూ ఉంటే గుడ్డ తీగలకు తగిలి "ఝుం" అని మోగింది. ఆ మోత గదంతా నిండి, చాలాసేపటికి గాని ఆగలేదు. ఆ రాత్రి మనవరాలు ఫోను చేసినప్పుడు ఈ సంగతి చెప్పాను.

"ఊరికే పడి ఉండటం ఎందుకు తాతయ్యా? నువ్వు నేర్చుకో," అని పకపకా నవ్వింది.

అది వేళాకోళానికే అన్నది. నాకు మాత్రం నిజంగానే మనసైంది. మా వీధి చివర ఒక యువకుడు సాయంకాలం పూట పిల్లలకు గిటారు చెబుతాడు. మర్నాడు గిటారు పట్టుకుని వెళ్లాను. అతను గబుక్కున లేచి నిలబడి, "మనవణ్ణి చేర్పిస్తారా మాస్టారూ?" అన్నాడు.

"మనవణ్ణి కాదు, నన్నే చేర్చుకోవాలి," అన్నాను.

అక్కడున్న ఎనిమిదిమంది పిల్లలూ కిసుక్కున నవ్వారు. ఎన్నో ఏళ్లు నేను గదిలోకి రాగానే నవ్వులు ఆగిపోయేవి. ఇప్పుడు నన్ను చూసి నవ్వులు మొదలయినాయి. అదే నా మొదటి పాఠం.

ఇక గిటారు సంగతి. దానికి ఆరు తీగలు. ఒడిలో పెట్టుకుని చూస్తే పైన లావుతీగ, అన్నిటికన్నా కింద సన్నతీగ. సన్నదాన్ని మొదటి తీగ అనీ, లావుదాన్ని ఆరవ తీగ అనీ అంటారు. మా మనవరాలిది స్పెయిన్ దేశపు పద్ధతి గిటారు. అందులో సన్నతీగలు మూడూ నైలానువి. లావుతీగలు మూడింటికీ లోపల సన్నని నైలాను పోగులుంటాయి, వాటి చుట్టూ లోహపు తీగ చుట్టి ఉంటుంది. పూర్వం సన్నతీగలను పశువుల పేగులతో చేసేవారు. రెండవ ప్రపంచ యుద్ధం అయిన తరువాతనే నైలాను తీగలు వాడకంలోకి వచ్చాయి.

మీరొక చిన్న ప్రయోగం చెయ్యండి. ఒక రబ్బరు బ్యాండును రెండు వేళ్ల మధ్య సాగదీసి మీటండి. చప్పుడు చెవి దగ్గర పెట్టుకుంటే గాని వినిపించదు. అదే బ్యాండును మూత లేని బిస్కెట్ల డబ్బాకు అడ్డంగా తగిలించి మీటండి. గది అవతలివాళ్లకు కూడా వినిపిస్తుంది. రబ్బరు సన్నగా ఉంటుంది గనుక అది కదిలినా గాలిని ఎక్కువగా కదిలించలేదు. డబ్బా అదిరినప్పుడు చాలా గాలి కదులుతుంది. గిటారులో తీగ చేసే పని రబ్బరుది, పొట్ట చేసే పని డబ్బాది. అందులోనూ పైపలకే ముఖ్యం. ఆంటోనియో దె టోర్రెస్ (1817-1892) అనే స్పెయిన్ దేశస్థుడు వడ్రంగం నేర్చి గిటార్లు చేసేవాడుగా పేరుపొందాడు. ఈనాటి గిటారు ఆకారం చాలావరకు ఆయన చలవే. ఆయన 1862లో ఒక చిత్రం చేశాడు. ఒక గిటారుకు పైపలక మాత్రం మంచి కొయ్యతో పెట్టి, వెనక భాగమూ పక్కలూ కాగితపు అట్టతో చేశాడు. అది కూడా చక్కగా పలికింది!

గిటారు మెడ మీద అడ్డంగా లోహపు కడ్డీలుంటాయి. మన వీణకు కూడా ఇలాంటివే ఉన్నాయి. వాటిని మెట్లు అంటాము. మా జిల్లాలోనే బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి వీణలు చేస్తారు. చిన్నతనంలో మా నాన్న నన్ను అక్కడికి తీసుకుపోయి చూపించాడు. వీణకు 24 మెట్లు, వాటిని మైనంలో కూర్చుతారు. గిటారు మెట్లను కొయ్యలోకే దిగగొడతారు. మా మనవరాలి గిటారుకు అవి 19 ఉన్నాయి.

లెక్కల మాస్టారు ఊరుకుంటాడా? స్కేలు తీసి కొలిచాను. తీగ మొత్తం పొడవు 65 సెంటీమీటర్లు. మొదటి మెట్టు 36 మిల్లీమీటర్ల పైచిలుకు దూరాన ఉన్నది. అక్కడినించి రెండవ మెట్టు 34 మిల్లీమీటర్ల పైచిలుకు. అలా పోను పోను మెట్లు దగ్గరవుతాయి. మిగిలిన తీగ పొడవులో సుమారు 17.8వ వంతు తగ్గించుకుంటూ పోతే ఒక్కొక్క మెట్టు వస్తుంది. ఇలా 12 సార్లు చేస్తే తీగ సరిగ్గా సగమవుతుంది. తీగ సగమైతే కంపనాలు రెట్టింపవుతాయి. అయిదవ తీగను ఊరికే మీటితే సెకనుకు 110 సార్లు కంపిస్తుంది, పన్నెండవ మెట్టు మీద నొక్కి మీటితే 220 సార్లు. మొదటిది షడ్జమం అనుకుంటే రెండవది పైస్థాయి షడ్జమం అన్నమాట.

పన్నెండు అనగానే సంగీతం తెలిసినవారికి మన పన్నెండు స్వరస్థానాలు గుర్తు వస్తాయి. మీ ఇంట్లో గిటారుంటే ఒక తీగను ఊరికే మీటి, దానిని "స" అనుకోండి. తరువాత అదే తీగ మీద వరసగా 1, 4, 5, 7, 8, 11, 12 మెట్ల మీద నొక్కి మీటండి. మాయామాళవగౌళ రాగం పలుకుతుంది! మన పిల్లలు సరళీ వరసలు మొదలుపెట్టే రాగం అదే. ఎక్కడి స్పెయిన్, ఎక్కడి సరళీ వరసలు! అయినా తీగకు దేశభేదం లేదు.

ఇదంతా నాకు రెండు రోజుల్లో అర్థమయింది. నేను చాలా సంతోషించి, "ఇంకేముంది, వచ్చేసినట్టే," అనుకున్నాను. కాని పిల్లలూ, బుర్రకు తెలియటం వేరు, వేళ్లకు తెలియటం వేరు.

మొదటి వారం ఎడమచేతి వేళ్ల కొసలు నిప్పు తగిలినట్టు మండేవి. అన్నంలో పచ్చడి కలపటం కుడిచేత్తో గనుక సరిపోయింది! మూడు నాలుగు వారాలకు వేళ్లకు కాయలు కాచి మంట తగ్గింది. ఆ తరువాత అసలు కష్టం మొదలయింది.

పాశ్చాత్య సంగీతంలో మూడు నాలుగు స్వరాలను ఒకేసారి కలిపి పలికిస్తారు. అలాంటి స్వరాల గుంపును కార్డ్ అంటారు. ఒక్కొక్క కార్డ్‌కు వేళ్లను ఒక్కొక్క విధంగా పెట్టాలి. ఒకటి వాయించి తాళం తప్పకుండా రెండవదానికి మారాలి. మా గురువు నాకు "ఎ మైనర్" అనేదాన్నించి "సి" అనేదానికి మారటం ఇచ్చాడు. నేను మూడు వేళ్లూ ఎత్తేవాణ్ణి. అవి గాలిలో దారి తెలియక తచ్చాడేవి. ఒకటి దిగితే ఇంకొకటి దిగేది కాదు. ఈ లోపల తాళం ఎటో వెళ్లిపోయేది. నా పక్కన తొమ్మిదేళ్ల పిల్లవాడు అదే పాఠాన్ని ఎదురింటి గోడ కేసి చూస్తూ వాయించేవాడు!

పది రోజులు చూసి, "నాకు ఇది రాదు నాయనా," అన్నాను.

మా గురువు నవ్వలేదు, కసరలేదు. నా పక్కన కూచుని నా వేళ్లకేసి చూశాడు. "మాస్టారూ, మూడు వేళ్లూ ఎందుకు ఎత్తుతున్నారు? చూపుడువేలూ నడిమివేలూ రెంటిలోనూ ఒకే చోట ఉంటాయి. జరగవలసింది ఉంగరపు వేలు ఒక్కటే," అన్నాడు.

నేను నిర్ఘాంతపోయాను. ఉమ్మడి కారణాంకాన్ని బయటికి తియ్యండర్రా అని వేలమంది పిల్లలకు చెప్పినవాణ్ణి! నా వేళ్ల మధ్యనే ఉన్న ఉమ్మడిని చూసుకోలేకపోయాను.

"ఇంకొక సంగతి. మీరు తప్పు వచ్చినప్పుడల్లా పాట మొదటికి వెళుతున్నారు. వచ్చినదాన్నే వందసార్లు వాయిస్తున్నారు. రానిది ఈ ఒక్క మలుపే. దీన్ని మాత్రమే వాయించండి. బాగా నెమ్మదిగా," అన్నాడు.

తాళం చూపించటానికి మెట్రోనోము అనే యంత్రం ఉన్నది. మేల్జెల్ అనే ఆయన 1815లో దానికి పేటెంటు పొందాడు. ఇప్పుడది ఫోనులోనే దొరుకుతుంది. దానిని నిమిషానికి 50 దెబ్బలకు పెట్టుకుని, ఆ ఒక్క మలుపునే సాధన చేశాను. బడి రిజిస్టరు లాగా ఒక నోటుపుస్తకం పెట్టాను. మొదటి రోజు నిమిషంలో ఏడుసార్లు శుభ్రంగా మార్చగలిగాను. నెల తిరిగేసరికి 31 సార్లు.

సులభమైనదాని నుంచి కఠినమైనదానికి తీసుకుపోవాలనీ, పెద్ద పాఠాన్ని చిన్న ముక్కలు చెయ్యాలనీ నేను ఉపాధ్యాయ శిక్షణలో చదివినవాణ్ణే. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. దాని అర్థం మాత్రం నాకు అరవై నాలుగో ఏట తెలిసింది.

గిటారు నేర్చుకునేవాళ్లు ఏమేమి సాధన చేస్తారో కూడా చెబుతాను, వినండి. మా దగ్గర చిన్నపిల్లలు మొదట బీథోవెన్ తొమ్మిదవ సింఫనీలోని పాట వరస వాయిస్తారు. ఆ సింఫనీని మొదటిసారి 1824లో వినిపించారు. ఆ వరస చాలా భాగం పక్కపక్కనే ఉన్న అయిదు స్వరాలలోనే నడుస్తుంది గనుక చిన్నవేళ్లకు అనుకూలం. కాలేజీ కుర్రవాళ్లకు ఓపిక తక్కువ. నాలుగు కార్డ్‌లు రాగానే సినిమా పాటలు మొదలుపెడతారు. వాళ్ల తప్పు లేదు. నలుగురు కలిసి పాడుకోవటానికి ఆ నాలుగూ చాలా దూరం వస్తాయి.

స్పెయిన్ పద్ధతి నేర్చేవాళ్లకు పాత గురువుల పాఠాలున్నాయి. ఇటలీవాడైన కారుల్లి (1770-1841), బార్సిలోనాలో పుట్టిన సోర్ (1778-1839), మళ్లీ ఇటలీవాడే అయిన కార్కాస్సి (1792-1853), వీళ్లందరూ విద్యార్థుల కోసం చిన్న చిన్న రచనలు చేశారు. కార్కాస్సి 25 అభ్యాసాల పుస్తకం ప్రపంచమంతటా ఈనాటికీ నడుస్తున్నది. జులియాని (1781-1829) అనే ఆయన కుడిచేతి వేళ్ల కోసం 120 అభ్యాసాలు రాశాడు. అన్నిటికీ రెండే రెండు కార్డ్‌లు! ఎడమచేతికి పని తగ్గించి, కుడిచెయ్యి ఒక్కదానికే పాఠం చెప్పాడన్నమాట. చూశారా, మా గురువు చెప్పిన మాటే ఆయనా చెప్పాడు: ఒకసారికి ఒక కష్టం.

తరువాత టార్రెగా (1852-1909) రచనలు. మీ అమ్మానాన్నలకు ఒకప్పటి నోకియా ఫోను మోత గుర్తుండే ఉంటుంది. అది టార్రెగా 1902లో కూర్చిన "గ్రాన్ వాల్స్" అనే గిటారు రచనలోని ఒక చిన్న ముక్క. దానిని ఎన్నో ఏళ్లు జేబులో పెట్టుకు తిరిగాము గాని, అది గిటారు పాట అని ఎంతమందికి తెలుసు?

పెద్ద విద్వాంసులు కూడా సాధన మానరు. స్పెయిన్ దేశపు సెగోవియా 1893లో పుట్టాడు. మన ద్వారం వెంకటస్వామినాయుడుగారు పుట్టిన సంవత్సరం కూడా అదే. వయొలిన్ మన దేశంలో పుట్టినది కాదు. అయినా నాయుడుగారి చేతిలో అది మన వాద్యమే అయింది. గిటారు పెద్ద సభలకు తగదు అని చాలామంది అనుకునే రోజులలో సెగోవియా దానిని దేశదేశాల సభలలో వినిపించాడు. తొంభై ఏళ్లు దాటాక కూడా కచేరీలు చేసి, 1987లో చనిపోయాడు.

జాంగో రైన్‌హార్ట్ (1910-1953) కథ ఇంకా చిత్రమైనది. ఆయన ఫ్రాన్సులో బళ్ల మీద తిరుగుతూ బతికే జాతివాడు. 1928లో ఆయన ఉండే బండి అంటుకుని, ఎడమచేతి ఉంగరపు వేలూ చిటికెన వేలూ కాలి ముడుచుకుపోయాయి. ఇక గిటారు వాయించలేడని అందరూ అనుకున్నారు. ఆయన మిగిలిన రెండు వేళ్లకూ కొత్తగా దారులు నేర్పాడు. తరువాత ఆయన వాయించిన సంగీతం కోసం ఈనాటికీ పదివేళ్లూ ఉన్నవాళ్లు కష్టపడుతున్నారు.

వేళ్లకు పాఠం చెబితే అది ఎక్కడికి పోతుంది? మెదడుకు పోతుంది. 1995లో శాస్త్రజ్ఞులు తంత్రీవాద్యాలు వాయించేవారి మెదళ్లను పరీక్షించారు. ఎడమచేతి వేళ్ల స్పర్శ తెలుసుకునే చోటు వాళ్లలో ఇతరులకన్నా పెద్దదిగా కనిపించింది. చిన్నతనంలో మొదలుపెట్టినవారిలో ఆ తేడా ఇంకా ఎక్కువ. అంటే మీదే పైచెయ్యి! సాయంకాలం ఎంతకీ రాని మలుపు, రాత్రి నిద్రపోయి లేచాక కొంచెం సులువుగా రావటం నేను చాలాసార్లు గమనించాను. మనం నిద్రపోతున్నా మెదడు పాఠాన్ని సర్దుకుంటూ ఉంటుంది. అందుచేత పరీక్షల ముందు రాత్రంతా మేలుకోకండి.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది చెప్పటం నాకు కొంచెం కష్టం.

నాలుగవ నెలలో నా గిటారు మూడవ తీగ తెగింది. కొత్తది వేశాను. శ్రుతి చేసి పది నిమిషాలు వాయించేసరికి తగ్గిపోయింది. బిరడ తిప్పి మళ్లీ శ్రుతి చేశాను. మళ్లీ తగ్గింది. మర్నాడూ అంతే. విసుగుపుట్టి మా గురువు దగ్గరికి వెళ్లి, "ఈ తీగ పనికిమాలినది. తీసి పారేసి ఇంకొకటి వేస్తాను," అన్నాను.

"తీగ మంచిదే మాస్టారూ. కొత్త నైలాను సాగుతుంది. తగ్గినప్పుడల్లా ఓపికగా శ్రుతి చేస్తూ ఉండండి. నాలుగైదు రోజులకు అదే నిలుస్తుంది," అన్నాడు.

అలాగే చేశాను. అయిదో రోజుకు తీగ నిలిచింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక పిల్లవాడు గుర్తు వచ్చాడు.

అది 1998. ఆగస్టు 15 పండుగకు మా బడిలో పాటల బృందాన్ని తయారుచేసే పని నాకు అప్పగించారు. పదకొండుమంది పిల్లలు. అందులో ఏడవ తరగతి కుర్రవాడొకడు పెద్ద గొంతుతో ఉత్సాహంగా పాడేవాడు. కాని మధ్యమధ్య శ్రుతి తప్పేవాడు. పండుగ ఇంకా మూడు రోజులున్నది. నాకు తొందర. అందరి ఎదుటా వాణ్ణి నిలబెట్టి, "నీకు పాట రాదురా. ఊరికే పెదవులు కదుపు, చాలు," అన్నాను. పిల్లలందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పండుగనాడు పాట బాగా వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు. ఆ కుర్రవాడు వెనక వరసలో నిలబడి పెదవులు కదిపాడు. ఆ తరువాత పదవ తరగతి అయ్యేవరకూ ఉదయం ప్రార్థనలో కూడా వాడు పెదవులే కదిపాడు. నేను గమనించాను. గమనించి ఊరుకున్నాను. ఒకవేళ ఆ శ్రుతి వాడి గొంతుకు ఎక్కువయిందేమో, అర కట్టె తగ్గిస్తే వాడూ అందుకునేవాడేమో! అది చూడటానికి అయిదు నిమిషాలు పట్టేది. తీగకు అయిదు రోజులు ఇచ్చినవాణ్ణి పిల్లవాడికి అయిదు నిమిషాలు ఇవ్వలేదు.

వాడు ఇప్పుడు మా ఊరి బస్టాండు వెనక మోటారు సైకిళ్లు బాగుచేసే షాపు నడుపుతున్నాడు. మర్నాడు అక్కడికి వెళ్లాను. అతను ఒక ఇంజను దగ్గర చెవి ఒగ్గి వింటున్నాడు. "ట్యాపెట్ చప్పుడండీ. గ్యాపు పెరిగింది," అని బండివాడితో చెప్పి, తల ఎత్తి నన్ను చూశాడు.

"మాస్టారూ! మీరా! రండి రండి," అని స్టూలు తుడిచి వేశాడు. టీకి మనిషిని పంపించాడు.

నేను వచ్చిన పని చెప్పాను. "ఆ వేళ నేను అన్నమాట తప్పు నాయనా. అది చెప్పటానికే వచ్చాను," అన్నాను. అతను కొంతసేపు చేతికున్న గ్రీజు తుడుచుకుంటూ ఉండిపోయాడు.

"గుర్తుందండీ," అన్నాడు చివరికి. "అయినా మీరు తప్పేం చెప్పారండీ? నాకు నిజంగానే రాదు గదా!"

కోప్పడితే బాగుండేదనిపించింది. అతను ఇంకా ఇలా చెప్పాడు: "మా అమ్మాయి అయిదో తరగతండీ. మొన్న బడిలో పాటల పోటీకి పేరిస్తానన్నది. మన ఇంట్లో ఎవరికీ పాట రాదమ్మా, నలుగురిలో నవ్వులపాలవుతావని నేనే వద్దన్నాను."

పిల్లలూ, నేను నోరు జారిన ఒక్క మాట పాతికేళ్లు నడిచి, నేనెన్నడూ చూడని ఒక పిల్ల దాకా వెళ్లింది. అప్పటికి నాకు కళ్లు తెరిపిళ్లు పడ్డాయి.

"ఇంజను చప్పుడులో అంత చిన్న తేడా విన్న చెవికి స్వరంలో తేడా వినిపించదా? ఆదివారం అమ్మాయిని తీసుకురా. నేను చదువుకునే చోటికే," అన్నాను.

అతను ఆలోచించి, "చూస్తానండీ," అన్నాడు. ఆదివారం రాలేదు. రెండవ ఆదివారమూ రాలేదు. మూడవ ఆదివారం అమ్మాయిని బండి మీద తీసుకువచ్చి, తాను మాత్రం గుమ్మం బయటే నిలబడ్డాడు. ఆ పిల్ల మొదటి రోజే నా పక్కన కూచుని, "తాతగారూ, మీ వేలు మెట్టు మీద పడుతున్నదండీ, వెనక్కి పెట్టాలి," అని నన్ను దిద్దింది. ఇప్పుడు పాడుతూ వాయిస్తుంది కూడా. కొన్ని చోట్ల శ్రుతి తప్పుతుంది. మా గురువు ఆ చోటును మాత్రం విడదీసి, నెమ్మదిగా నాలుగుసార్లు పాడిస్తాడు. పాడుతుంది.

మొన్న నేను రెండవ తీగను శ్రుతి చేస్తూ తంటాలు పడుతున్నాను. ఎక్కువయిందో తక్కువయిందో తేలటం లేదు. గుమ్మంలోనించి, "కొంచెం తగ్గిందండీ మాస్టారూ," అని వినిపించింది. వెనక్కి చూస్తే అతనే. బిరడ కొంచెం తిప్పాను. అతను చెప్పినదే నిజం! నేనేమీ అనలేదు. జరిగి చాప మీద చోటు చేశాను. అతను వచ్చి కూచున్నాడు.

అతను ఇంకా పాడలేదు. పాడడు అని మాత్రం నేననను.

మన తెలుగులో "రాదు" అనే మాట ఉన్నది, "రాలేదు" అనే మాట ఉన్నది. రెంటికీ తేడా మధ్యనున్న "లే" అనే ఒక్క అక్షరం. మొదటిది తలుపు మూసేస్తుంది, రెండవది ఓరగా తెరిచి ఉంచుతుంది. పిల్లలూ, మీకు లెక్క గాని, పాట గాని, ఈత గాని పట్టుపడకపోతే "ఇంకా రాలేదు" అనండి. ఆ తరువాత ఎక్కడ రావటం లేదో ఆ ఒక్క మలుపునూ వెతికి, నెమ్మదిగా సాధన చెయ్యండి. తల్లిదండ్రులకు నేను చెప్పదగినవాణ్ణి కాను. అయినా ఒక్క విన్నపం. పిల్లలతో "నీకు రాదు" అనబోయేముందు ఈ ముసలి విద్యార్థిని ఒకసారి తలుచుకోండి.

ఇక ఉంటాను. రేపటికి కార్కాస్సి మొదటి అభ్యాసంలో నాలుగు గీతలు అప్పగించాలి. మూడు వచ్చాయి. నాలుగవది ఇంకా రాలేదు.